పాలచౌడు పొలములో వరి: పెరుగుదల మందులు చేయగలిగినది, చేయజాలనిది

పంచాయతీ సభ్యులారా,

వేసవిలో కృష్ణా డెల్టా శివారు గ్రామములలో పొలముపై పేరుకొను తెల్లని పొరను మేము మీకు పరిచయము చేయనక్కరలేదు. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచినపుడు సముద్రము పొలముల మీదికే వచ్చినది. తక్కిన సంవత్సరములలో ఉప్పు క్రింది నుండి వచ్చును. కాలువ నీరు అందని చోట భూమిలోని ఉప్పునీరు పైకి ప్రాకి, యెండకు ఆవిరై, ఉప్పును మాత్రము విడిచిపోవును.

ఇట్టి గ్రామమునకు ఒక సీసా పట్టుకొని, "పిచికారీ చేసిన చౌడు విరుగును" అని చెప్పువాడు రావచ్చును. రైతులు మొదట అడుగునది మిమ్ములనే. కావున ఈ సంగతి ముచ్చటింపదలచినాము.

వరి విత్తనము ఉప్పునేలలో సైతము చాలవరకు మొలకెత్తును. రెండు మూడు ఆకుల నారుగా నున్నపుడును, మరల పూత సమయమునను అది మిక్కిలి సుకుమారము. మొలక చూచి సంతసించిన రైతు, కొలది దినములకు ఆకుల కొనలు మాడగా విత్తనమును నిందించును. నిజమునకు వేళ్ళకు నీరందుట తగ్గినది. సోడియము లోన జొరబడి పొటాషియమునకు చోటు లేకుండ చేసినది. సంతృప్త మృత్తికాసారములో విద్యుద్వాహకత 3 డెసిసీమెన్లు దాటినపిమ్మట, ఒక్కొక్క అంకెకు దిగుబడి సుమారు 12 శాతము తగ్గును. మట్టి పరీక్ష చీటీలోని అంకెను ఏ పద్ధతిని కొలిచిరో అడుగుడు. పద్ధతి మారిన అంకెయు మారును.

పెరుగుదల మందులు మొక్క తనలో తాను తయారుచేసికొను పదార్థముల వంటివి. సాలిసిలిక్ ఆమ్లపు పలుచని ద్రావణములో విత్తనమును నానబెట్టినపుడు నారు ఉప్పును కొంత మేలుగా తట్టుకొనుట ప్రయోగములలో కనబడినది. మోతాదు అత్యల్పము: ఒక మిల్లీమోలు ద్రావణమనగా లీటరు నీటికి 0.14 గ్రాము మాత్రమే. మించిన మందే నారును దెబ్బతీయును. జిబ్బరెల్లిన్ అధికమైనచో నారు సన్నగా సాగి పడిపోవును. పైగా ఈ ప్రయోగములలో అధికభాగము కుండీలలో జరిగినవే.

ఏ మందును నేలలోని ఉప్పును తీసివేయజాలదు. జిప్సము కారుచౌడుకు మందు గాని పాలచౌడుకు కాదు. మంచినీరు నిలగట్టి, దున్ని, ఆ నీటిని బయటికి పంపవలెను. పంపుటకు మురుగుబోదె తెరచియుండవలెను. దానికి అడ్డముగా గట్టు వేసినవాడు తరచు మనలో నొకరి బంధువే యగుట మేమెరుగనిది కాదు. అయినను తీర్మానము ముందు దానిపైననే చేయుడు. మచిలీపట్నము వ్యవసాయ పరిశోధన స్థానపు ఎం.సి.ఎం. 100 వంటి చౌడును తట్టుకొను రకము, కాస్త ముదురు నారు, దగ్గర నాట్లు ఆపై మాటలు.

మందు కొనదలచినవారు రసీదు అడుగవలెను. జిబ్బరెల్లిక్ ఆమ్లము 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టము క్రిందికి వచ్చును. జీవ ఉత్ప్రేరకములు 2021 నుండి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు క్రిందికి వచ్చినవి. ఆ వివరములు సీసాపై లేనిచో తీసికొనవలదు. ఉన్నను ఈ యేడు ఒక్క నారుమడిలో సగము విత్తనమును మందునీట, సగమును మంచినీట నానబోసి, ప్రక్కప్రక్కన చల్లి, నాట్లకు ముందు గ్రామస్థులను పిలిచి రెంటిని చూపుడు.