సన్నగానే ఉన్నాం కదా, మరి ట్రైగ్లిజరైడ్స్ ఎందుకు పెరిగాయి?

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్నవాళ్ల కోసం.

ఆఫీసులో హెల్త్ చెకప్ చేస్తారు. రెండ్రోజులకి రిపోర్టు ఫోన్‌కి వస్తుంది. బరువు మామూలే, షుగర్ మామూలే. కానీ ట్రైగ్లిజరైడ్స్ దగ్గర మాత్రం 240 అనో, 300 అనో ఉంటుంది. "నేను నూనె వస్తువులు పెద్దగా తిననే, లావుగా కూడా లేనే, ఈ కొవ్వు ఎక్కడిది?" అని చాలామంది అడుగుతారు. ఇవాళ ఈ ఒక్క ప్రశ్నకే జవాబు వెతుకుదాం.

ట్రైగ్లిజరైడ్స్ అంటే రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు. పరగడుపున 150 లోపు ఉండాలి. ఇది తిన్న నూనె నుంచి, నెయ్యి నుంచి నేరుగా వస్తుందని అనుకుంటాం. కానీ పరగడుపున తీసిన రక్తంలో కనిపించేదాంట్లో ఎక్కువ భాగం మన కాలేయం తయారుచేసి పంపిందే. అన్నం, చక్కెర, మైదా అరిగి గ్లూకోజ్ అవుతాయి. కండరాలు వాడుకున్నంత వాడుకుంటాయి, కొంత దాచుకుంటాయి. రోజూ అంతకన్నా ఎక్కువ వస్తుంటే, ఆ మిగులులో కొంత భాగాన్ని కాలేయం కొవ్వుగా మారుస్తుంది. కొంత అక్కడే పేరుకుంటుంది, దాన్నే ఫ్యాటీ లివర్ అంటాం. కొంత రక్తంలోకి వస్తుంది. మందు అలవాటు ఉంటే ఇది ఇంకా పెరుగుతుంది.

ట్రైగ్లిజరైడ్స్ పెరిగితే తరచుగా మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, పొట్ట పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది. డాక్టర్లు వీటిని ఒక గుంపుగా చూస్తారు. నడుము కొలత, ట్రైగ్లిజరైడ్స్, మంచి కొలెస్ట్రాల్, బీపీ, పరగడుపు షుగర్... ఈ ఐదింటిలో మూడు గీత దాటితే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. అంటే షుగర్ వ్యాధికీ, గుండెపోటుకీ దారి పడినట్టే. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మొదటిసారి గుండెపోటు వచ్చిన దక్షిణాసియా వాళ్ల సగటు వయసు 53. మిగతా దేశాల వాళ్లకి దాదాపు 59. ఆ ఆరేళ్లు అంటే మన పిల్లల చదువులు, ఇంటి అప్పు ఇంకా తీరని ఆరేళ్లు.

మరి సన్నగా ఉన్నవాళ్లకి ఎందుకు? 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫొటో వచ్చింది. ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన ఉంటారు. ఒకాయన పుణెకి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకాయన బ్రిటన్‌కి చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం! బరువు తూచే మిషన్ ఇద్దరికీ ఒకే మాట చెప్పింది, లోపల సంగతి వేరు. మనవాళ్లలో చాలామందికి కండ తక్కువ, కొవ్వు ఎక్కువ, అదీ పొట్ట చుట్టూ. అందుకే మనకి మిషన్ కన్నా దర్జీ టేపు నిజం చెప్తుంది. బొడ్డు దగ్గర చుట్టి చూడండి. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు.

ఇప్పుడు అసలు విషయం, మన పళ్లెం. తెలుగులో మనం తరచుగా "అన్నం తిన్నావా" అని అడుగుతాం. కూర ఏంటి అని అడగాలన్నా "అన్నంలోకి ఏం చేశారు" అంటాం. అంటే మన భాషలోనే అన్నం అసలు, మిగతావన్నీ దాన్ని దించడానికి. వడ్డన కూడా అలాగే ఉంటుంది. పప్పులోకి ఒకసారి అన్నం, కూరలోకి ఒకసారి, చారులోకి ఒకసారి, పెరుగులోకి ఇంకోసారి. నాలుగు రకాలు తిన్నాం అనుకుంటాం, నిజానికి నాలుగుసార్లు అన్నం తిన్నాం. ఆవకాయ ఉంటే ఇంకో రెండు ముద్దలు ఎక్కువ. ఉప్పు అన్నాన్ని లాగుతుంది, అన్నం ఉప్పుని లాగుతుంది. బీపీ అక్కడ పెరుగుతుంది.

పొద్దున ఇడ్లీ, దోసె, ఉప్మా, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం టీతో బిస్కెట్లు, రాత్రి చపాతీ లేదా బిర్యానీ. పేర్లు మారుతున్నాయి గానీ పిండిపదార్థం మారట్లేదు. ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే దేశవ్యాప్త సర్వే 2025లో చెప్పింది ఇదే. మనం తినే కేలరీల్లో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. ఇదే సర్వే 2023లో దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని, ఇంకో 13 కోట్ల మందికి పైగా ఆ అంచున ఉన్నారని లెక్క తేల్చింది.

"మా తాత మూడు పూటలా అన్నమే తిన్నాడు, ఎనభై ఏళ్లు బతికాడు" అని మీరు అంటారు. నిజమే కావచ్చు. కానీ తాత పొలంలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పని చేశాడు. గ్లూకోజ్‌ని ఎక్కువగా ఖర్చుపెట్టేది కండరాలే. మనం అదే కంచం తిని కుర్చీలో కూర్చుంటున్నాం. అన్నం మీద నాకేం కోపం లేదు. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం పథకం వచ్చాక ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది. ఆకలి తీర్చిన తిండి అది. ఇప్పుడు మన పని మారింది, కాబట్టి కొలత మారాలి. అంతే.

ఇంకో ప్రశ్న, "మరి కొర్రలు, జొన్నలకి మారిపోతే?" మంచివే, పీచు ఎక్కువ. కానీ అదే 2025 సర్వేలో తేలింది వినండి. మొత్తం పిండిపదార్థం తగ్గించకుండా, తెల్ల బియ్యం బదులు గోధుమ పిండి, చిరుధాన్యాల పిండి పెట్టినంత మాత్రాన ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. మొత్తం కేలరీల్లో 5 శాతం మేర పిండిపదార్థాన్ని పప్పులు, పాల లాంటి వాటి ప్రొటీన్‌తో మారిస్తే మాత్రం షుగర్ ముప్పు తక్కువగా కనిపించింది. కంచం నిండా కొర్రన్నం పెట్టుకుంటే పేరు మారుతుంది, లెక్క మారదు.

సరే, ఏం చేయాలి? హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఒక లెక్క ఇచ్చింది. రోజుకి 2000 కేలరీలు తినేవాళ్లకి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు. ఆ 250 గ్రాములు వండకముందు బరువు. ఇడ్లీ రవ్వ, దోసె బియ్యం, చపాతీ పిండి, అన్నం అన్నీ అందులోనే.

కాబట్టి "అన్నంలోకి కూర"ని తిరగేద్దాం, "కూరలోకి అన్నం" చేద్దాం. ముందు కూర వడ్డించుకోండి, రెండింతలు. బంగాళాదుంప వేపుడు కూరగాయ లెక్కలోకి రాదు. తర్వాత గట్టి పప్పు, లేదా గుడ్డు, చేప, చికెన్. అన్నం చివర్లో, ఒక్కసారే, దాన్నే అన్నిటికీ సర్దుకోండి. చారు గ్లాసులో తాగొచ్చు, పెరుగు గిన్నెలో తినొచ్చు. కూర, ప్రొటీన్ ముందు తిని అన్నం తర్వాత తింటే తిన్నాక షుగర్ అంత ఎత్తుకి ఎగరదు. తిన్న వెంటనే పడుకోకుండా పది పదిహేను నిమిషాలు నడవండి.

పొద్దున వారంలో రెండుసార్లు దోసె బదులు పెసరట్టు వేసుకోండి, లోపల ఉప్మా వద్దు. సాయంత్రం బిస్కెట్ల బదులు శనగల గుగ్గిళ్లు, ఉడికించిన పల్లీలు. హాస్టల్లో ఉన్నవాళ్లు రెండో గరిటె అన్నం బదులు రెండో గరిటె పప్పు అడగండి, రెండు గుడ్లు ఉడికించుకోండి. కూల్‌డ్రింక్ మానేయండి. 250 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 26 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఐదారు చెంచాలు.

రెండు జాగ్రత్తలు. చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, వేరే విషయం. దానికి వంశం, నెయ్యి, వెన్న, డాల్డా లాంటివి కారణం, కాబట్టి అన్నం తగ్గించాం కదా అని నూనెలో ఈదకండి. షుగర్ మందులు లేదా ఇన్సులిన్ తీసుకునేవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా అన్నం ఒక్కసారిగా తగ్గించొద్దు, షుగర్ పడిపోవచ్చు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ప్రొటీన్ పెంచే ముందు అడగండి. ట్రైగ్లిజరైడ్స్ 500 దాటితే ఈ వీడియో కాదు, డాక్టరే దిక్కు.

మిగతావాళ్లు ఇవాళ టేపుతో నడుము కొలిచి ఫోన్‌లో రాసుకోండి. మూడు నెలలు పళ్లెం మార్చి, మళ్లీ పరగడుపున టెస్ట్ చేయించండి. ట్రైగ్లిజరైడ్స్ తిండికి త్వరగా స్పందిస్తాయి, తేడా మీ రిపోర్టులోనే కనిపించొచ్చు. అప్పుడు ఆ రెండు అంకెలూ కామెంట్లో రాయండి. అమ్మ అన్నం ఇంకో గరిటె వేయబోతే "కూర వెయ్యమ్మా" అనండి, కాదనదు. మళ్లీ కలుద్దాం.