వార్సా డ్రాయింగ్ మాస్టారు

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న చిత్రకళా విద్యార్థులారా, మీలో కొందరు రేపు డ్రాయింగ్ మాస్టర్లు అవుతారు. అది చిన్న ఉద్యోగమని మొహం చిన్నబుచ్చుకునేవాళ్లు పోలిష్ చిత్రకారుడు వొయ్‌చెహ్ గెర్సన్ సంగతి వినాలి.

ఆయన 1831 జూలైలో వార్సాలో పుట్టారు. పోలండ్‌ను రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా అప్పటికే పంచేసుకున్నాయి. పిల్లవాడికి మూడో నెల నడుస్తుండగా రష్యా సేనలు పోలిష్ తిరుగుబాటును అణిచి ఊరిని పట్టుకున్నాయి. వార్సాలో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, పారిస్‌లో చదువుకుని ఆయన ఆ ఊరికే తిరిగొచ్చారు. 1860లో కళాకారులకు అండగా జహెంతా సంఘాన్ని స్థాపించినవాళ్లలో ఆయనా ఒకరు.

1863లో మళ్లీ తిరుగుబాటు, మళ్లీ ఓటమి. ఊళ్లో ఉన్న ఒక్క లలిత కళల పాఠశాలా మూతపడింది. దాని స్థానంలో మిగిలింది పేరుకు తగ్గట్టు ఒక ‘డ్రాయింగ్ క్లాసు’. గెర్సన్ అందులో 1872 నుంచి 1896 దాకా పాఠాలు చెప్పారు. మధ్యలో, 1876లో, చిత్రకళపై లియొనార్డో రాసిన గ్రంథాన్ని పోలిష్‌లోకి తెచ్చారు.

గురువుగారి చారిత్రక చిత్రాల్లో నాటకం పాలు కాస్త ఎక్కువే. తత్రా కొండల దృశ్యాలు చూస్తే మాత్రం ఇప్పటికీ చల్లగాలి కొడుతుంది. అయితే ఆయన అసలు సంపాదన శిష్యులు: గుర్రాలనూ పల్లె పొలాలనూ గీసిన హెల్మోన్‌స్కీ, విచూల్‌కోవ్‌స్కీ, పారిస్ నుంచి ఇంప్రెషనిజాన్ని మోసుకొచ్చిన పాంకేవిచ్.

ఆనా బిలిన్‌స్కా కూడా ఆయన దగ్గరే నేర్చుకుని, తర్వాత పారిస్ వెళ్లింది. 1887లో తన బొమ్మ తానే గీసుకుంది. నగా నట్రా లేదు. నల్ల గౌను మీద అప్రాన్, చెదిరిన జుట్టు, చేతిలో బ్రష్షులు. పని మధ్యలో ఎవరో పిలిస్తే తలెత్తి చూసినట్టుంటుంది.

ఇక మరో శిష్యుడు పొద్‌కోవిన్‌స్కీ. 1894లో, నల్ల గుర్రాన్ని కరుచుకున్న నగ్న స్త్రీ బొమ్మను వేసి జహెంతాలోనే ప్రదర్శనకు పెట్టాడు. జనం విరగబడి చూశారు. ప్రదర్శన ముగియకముందే కత్తి తీసుకెళ్లి తన బొమ్మను తానే చీల్చేశాడు! మరుసటి ఏడే పోయాడు, ఇరవై ఎనిమిదేళ్లకు. బొమ్మను మాత్రం అతుకులేసి బాగుచేశారు; ఇప్పుడు క్రాకోవ్ మ్యూజియంలో ఉంది.

వీళ్లలో ఒక్కరి గీతా గురువు గీతలా ఉండదు.

గెర్సన్ 1901లో కన్నుమూశారు. వార్సాలో లలిత కళల పాఠశాల మళ్లీ తలుపులు తెరిచింది 1904లో.