అద్భుతమును, కార్యదీక్షయును
(మహాసభ రెండవ దినమున జూబిలీహిల్సునం దొసంగిన యుపన్యాసము)



విద్వాంసులును వృత్తినిపుణులును గూడిన యీ విశ్వబ్రాహ్మణ మహాసభయందు నాలుగు మాటలు విన్నవించుకొనుటకు నా కవకాశ మొసంగిన కార్యనిర్వాహకవర్గమునకు గృతజ్ఞుడను. నేను పండితుడను గాను. కొయ్యపని చేయు నింట బుట్టి, ఉపాధ్యాయవృత్తిలో గాలము గడపినవాడను. నా లోపములను మన్నింప బ్రార్థించుచున్నాను.

అద్భుతమునకును మానవుని కార్యమునకును గల సంబంధము నేటి విషయము. దీనిని నాకు సూచించినది గ్రంథము గాదు. నిన్నటి యుదయమున జరిగిన యొక చిన్న సంగతి. మనతో వచ్చిన యువకులలో నొకడు ఫిలింనగరు జూడవలెనని వేడుకపడగా నేనును వానివెంట బోతిని. ఒక స్టూడియో ద్వారముకడ పలువురు గుమిగూడి యుండిరి. గంటసేపు నిలిచిన పిమ్మట నల్లని యద్దములు గల కారొకటి లోనికి బోయెను. అందెవరున్నారో కనబడలేదు. అయినను మన యువకుడు చేతులు జోడించెను. వాని కన్నుల నీరు నిండెను. అదే సమయమున పనిముట్ల సంచి భుజమున దగిలించుకొని యొక వృద్ధుడు ప్రక్కదారిని లోనికి బోవుచుండెను. అతనిని జూచినవాడు లేడు. సంచిలోనుండి బాడిస పిడి కనబడుటచే నేనాగి, "అన్నా, లోపల నేమి పని?" యని యడిగితిని. "రాజమందిరమండీ! ఈ వారము నిలుపవలెను, పై వారము విప్పవలెను. చూచువారు ముక్కున వ్రేలు వేసికొందురు, మా వ్రేలు మేకుమీద నుండును" అని నవ్వి పోయెను. ఆ మాట రాత్రి నన్ను నిదురపోనీయలేదు.

మన యలంకారశాస్త్రమున నద్భుతరసమునకు విస్మయము స్థాయీభావము, వీరరసమునకు ఉత్సాహము. వీరమునుండి యద్భుతము జనించునని భరతముని నాట్యశాస్త్రమున జెప్పియున్నాడు. అనగా ముందు కార్యము, పిదప నాశ్చర్యము. ఒకడు పూని చేసినదానిని జూచి వేరొకడు విస్మయ మొందును. శాస్త్ర మంతవరకు జెప్పినది. విస్మయమొందినవాడు తరువాత నేమి చేయవలెను? నోరు తెరచి నిలుచుటతో వాని పని ముగిసినదా? ఇదియే నేను మీ యెదుట నుంచు ప్రశ్న.

మయుడు పాండవులకు సభ నిర్మించి యిచ్చిన కథ మీ రెరిగినదే. దుర్యోధను డందు నేలను జూచి నీరని భ్రమించి వస్త్రములు పైకెత్తుకొనెను. నీటిని నేల యనుకొని మడుగున బడెను. అతడు పొందినదియు నద్భుతమే. కాని దీనిని జేసినవా డెవడు, ఎట్లు చేసెనని యతడు విచారింపలేదు. ఇది నా కేల లేదని కుమిలెను. ఆ విస్మయ మసూయ యయ్యెను. అసూయ జూదమునకును, జూదము యుద్ధమునకును దారితీసి వంశమునే దహించెను. ప్రశ్నింపని యద్భుత మట్లు చెడును.

ఇక విచారించువాని యద్భుతమును జూతము. 1957లో వెలువడిన మాయాబజారు చిత్రమును జూడనివారు మనలో నరుదు. దర్శకులు కె. వి. రెడ్డిగారు. అందలి నౌకావిహారమున వెన్నెలను జూచి ప్రేక్షకులు మైమరచిరి. ఆ వెన్నెల చంద్రు డిచ్చినది గాదు. ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్లీగారి నేర్పు కల్పించినది. అందలి ద్వారకానగరమో, మద్రాసు వాహినీ స్టూడియోలో 50 అడుగులకు 60 అడుగుల తావున సుమారు 300 బొమ్మయిండ్ల నమర్చి, విద్యుద్దీపములు వెలిగించి చూపినది. గోఖలే, కళాధర్ గార్లు కళాదర్శకులు; ఆ యిండ్లను జేసినది వడ్రంగులును రంగులు వేయువారును.

రహస్యము దెలిసినచో నద్భుతము నశించునని కొంద రందురు. గారడివాని యద్భుతము నశించును, నిజమే. పనివాని యద్భుతము పెరుగును. వెన్నెల చంద్రునిదని తలచినంతకాలము మ్రొక్కి యూరకుంటిమి. మనుష్యుని చేతిపని యని తెలిసినప్పుడు, నేనును నేర్చికొనగలనా యను నాశ పుట్టును. ఆ యాశయే కార్యమునకు బీజము.

మన మిపుడు కూర్చున్న యీ కొండలను జూడుడు. ఇవి దాదాపు 250 కోట్ల యేండ్లనాటి శిలలు. చిత్రపరిశ్రమను మద్రాసునుండి యిటకు దెచ్చుటకు బూనినవారిలో ముఖ్యులైన అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో అన్నపూర్ణా స్టూడియోను నెలకొల్పునాటికి ఈ ప్రాంతము బండలమయము. వారి సాహసము మెచ్చదగినది. అయితే బండలు పగులగొట్టిన వడ్డెర సోదరులు, మట్టి మోసిన పాలమూరు కూలీలు, దూలము లెత్తిన మనవారు, వీరి పేరు లే తెరపై గనబడును?

నొచ్చినను జెప్పక తప్పని మాట యొకటి గలదు. 2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి ఈ నగరముననే యొక చిత్రప్రదర్శనమునకు వచ్చిన జనసమ్మర్దమున దొక్కిసలాట జరిగి యొక తల్లి మరణించినది. ఆమె కుమారుడు ప్రాణాపాయస్థితికి లోనయ్యెను. ఎవరి దోష మెంతయో నిర్ణయించుట నా పని గాదు. వేలమంది విస్మయ మొక్కచోట గూడి, విచారణ లేక కదలినచో నేమగునో మనము కన్నులార గంటిమి. మరల 2025 ఆగస్టులో చిత్రకార్మికులు వేతనములను 30 శాతము పెంపవలెనని పనిమాని కూర్చుండగా రెండు వారములకు మించి చిత్రీకరణములు నిలిచెను. తారల చిత్రపటములకు బాలాభిషేకము చేయు మన యువకులలో నా కార్మికుల గోడు విచారించిన వారెందరు? పైపెచ్చు, ఈ నటుడు మా కులమువాడు, ఆ నటుడు మీ కులమువాడు అని పంచుకొని కలహించుచున్నారు. కులసభలు దీనికి దోహదము చేయుచున్న వనుట సిగ్గుతో నొప్పుకొనవలసిన విషయము. పరుల కీర్తిని పంచుకొనుట సుకరము. పరుల శ్రమను బంచుకొనుట దుష్కరము.

కాలము మారినది. 2015లోను 2017లోను వెలువడిన బాహుబలి చిత్రములందు మాహిష్మతీనగరమును గొంత సాబు సిరిల్‌గారి కళాదర్శకత్వమున శిల్పులును వడ్రంగులును నిర్మించిరి. కొంత కంప్యూటరు నిర్మించినది. ముందుముందు కొయ్యతో జేయు భాగము తగ్గవచ్చును. దాని కేడ్చి ఫలము లేదు. గీతయు, కొలతయు, రూపకల్పనయు మన తాతలనాటి విద్యలు. పనిముట్టు మాత్రమే మారినది. బాడిస పట్టినవాని మనుమడు ఎలుక యని పిలువబడు నా చిన్ని పరికరమును బట్టుట కేల వెనుదీయవలె?

కావున పోషకమహాశయులకు మూడు మనవులు చేయుచున్నాను. ఒకటి: రంగాలంకరణమును, కంప్యూటరు చిత్రకళను అభ్యసింపగోరు పేదపిల్లలకు మన సంఘము విద్యార్థివేతనము లీయవలెను, బాలికల కందు సగము దక్కవలెను. రెండు: స్టూడియోలలో బనిచేయుచు గాయపడిన వృత్తికారుల కొక సహాయనిధి నేర్పరుపవలెను, అందు కులభేదము పాటింపరాదు, మేకు గ్రుచ్చుకొనునప్పు డది కుల మడుగదు గదా! మూడు: వచ్చు సంవత్సరమునుండి యీ సభయందు బ్రఖ్యాతులకు మాత్రమే గాక, పేరు దెలియని యొక వృద్ధ శ్రామికునికి బ్రథమసన్మానము జరుపవలెను.

యువకులారా! ఆశ్చర్యపడుట మానుడని నేను జెప్పుట లేదు. ఆశ్చర్యపడని మనస్సు చచ్చిన మనస్సు. కాని దానిని ద్వారముకడనే విడిచి రాకుడు. ఇది యెట్లు చేసిరని యడుగుడు. చేసినవానికి గూలి దక్కినదా యని యడుగుడు. నేనేమి చేయగలనని యడుగుడు. వీరమునుండి యద్భుతము పుట్టునని ముని చెప్పెను. అద్భుతమునుండి మరల వీరము పుట్టునట్లు చేయుట మన వంతు.

నిన్న నాతో వచ్చిన యువకు డీ సభలోనే యున్నాడు. నిన్న రాత్రి యతడు నన్నొక మాట యడిగెను: "మాస్టారూ, ఆ పెద్దాయన మందిరము విప్పులోపల మన మొకసారి చూడవచ్చునా?" మేము రేపుదయము మరల పోవుచున్నాము. ఈ మారు కారుకొరకు గాదు.

స్వస్తి.