హాపర్ చిత్రములలో ఏకాంతము, వెలుగు
(ఉపన్యాస పాఠము)



రాత్రివేళ ఒక కచేరి గది. బల్లదీపము క్రింద ఒకాయన కాగితము చదువుచున్నాడు. నీలి దుస్తులు ధరించిన స్త్రీ ఫైళ్ల బీరువా సొరుగుపై చేయి యుంచి నిలిచియున్నది. బల్లప్రక్క నేలపై ఒక కాగితము పడియున్నది. ఇరువురికిని మాటలు లేవు. ప్రొద్దుపోవువరకు ఫైళ్లతో కుస్తీపట్టువారికి ఈ దృశ్యమును వర్ణించి చెప్పనక్కరలేదు. అమెరికా చిత్రకారుడు ఎడ్వర్డ్ హాపర్ 1940లో రచించిన ఈ చిత్రము పేరు ‘ఆఫీస్ ఎట్ నైట్’.

చూచువారు వెంటనే కథ నూహింపబూనుదురు. ఆ కాగితమేమి? వారి మధ్య నేమి జరిగినది? హాపర్ చెప్పలేదు. న్యూయార్కులో వీధులపై ఎత్తున నడచు రైలులో చీకటిపడిన పిదప పోవుచుండగా క్షణకాలము కంటబడిన కచేరి గదులే తన కీ చిత్రమును స్ఫురింపజేసి యుండునని 1948లో ఒక లేఖలో వ్రాసెను. గదిలో వెలుగులు మూడు: పైనుండి పడునది, బల్లదీపపుది, కిటికీగుండ వచ్చునది. ఈ మూడవది వెనుకగోడపై పడుటచే తెలుపుపై తెలుపు పూయుట వంటి చిక్కు కలిగినదట! ఆ ఇరువురి గుట్టుకంటె గోడమీది కాంతియే ఆయనను ఎక్కువ బాధించినట్లున్నది.

హాపర్ 1882లో న్యూయార్కు రాష్ట్రమందలి నయాక్ పట్టణమున జన్మించెను. పొట్టకూటికై పత్రికలకు బొమ్మలు వేసెను. ఆ పని ఆయనకు ఏవగింపు. 1913లో ఒక చిత్రము 250 డాలర్లకు అమ్ముడుపోయినది. రెండవదానికి పదేండ్లు పట్టినది. 1923లో బ్రూక్లిన్ మ్యూజియం ప్రదర్శనకు ఆయన నీటిరంగుల చిత్రములను సిఫారసు చేసినది జోసెఫీన్ నివిసన్ అను చిత్రకారిణి. మ్యూజియమువారు ఒకదానిని 100 డాలర్లకు కొనిరి. మరుసటి యేట ఇరువురును వివాహమాడిరి.

అటుపిమ్మట హాపర్ చిత్రించిన ఏకాకి స్త్రీలలో దాదాపు అందరికిని నమూనా ఆమెయే. 1952 నాటి ‘మార్నింగ్ సన్’లో మంచముపై మోకాళ్లు ముడుచుకొని ఎండ కెదురుగ కూర్చున్నది డెబ్బదేండ్లు సమీపించిన జోసెఫీన్. చిత్రములోని స్త్రీ ఒంటరిది. ఆమె కూర్చున్ననాడు మాత్రము ఎదుట భర్త రేఖలు గీయుచుండెను. ఆయన చిత్రముల వివరములను ఖాతాపుస్తకములందు ఓపికగా వ్రాసియుంచిన ఆ యిల్లాలి స్వంత చిత్రములకు అట్టి గుర్తింపు రాలేదు. హాపర్ చిత్రములలో ఏకాంతమును లెక్కించువారు దీనినిగూడ లెక్కింపవలెను.

తన చిత్రములలోని ఒంటరితనమును గూర్చి లోకులు అతిగా పలుకుచున్నారని హాపర్ అనెడివాడు. ఇంటిగోడపై పడిన ఎండను చిత్రించుటయే తన కోరిక యనెను. 1942 నాటి ‘నైట్‌హాక్స్’ జగత్ప్రసిద్ధము; అందును అర్ధరాత్రి వీధిపైకి ప్రసరించు దీపకాంతియే ప్రధానము. 1930 నాటి ‘ఎర్లీ సండే మార్నింగ్’లో మూసిన దుకాణముల వరుస, పొడుగుపాటి నీడలు. మేడకిటికీలో మొదట నొక మనిషిని చిత్రించి, పిదప రంగుపూసి కప్పివేసెను.

1963లో, ఎనుబదేండ్లు దాటిన పిదప, ‘సన్ ఇన్ యాన్ ఎంప్టీ రూమ్’ రచించెను. మొదటి యూహలో ఇందును ఒక మనిషి యుండెను. ఆ మనిషినిగూడ తొలగించెను. మంచము లేదు, కుర్చీ లేదు. కిటికీ, బయట ఆకుల పచ్చదనము, గోడలపై ఎండ. ఇందులో దేనిని వెదకుచున్నారని ఒకరడుగగా, తన్ను తానే వెదకుచున్నానని హాపర్ బదులిచ్చెను.