పెట్రోలు పంపు మొరాయించినప్పుడు

పెట్రోలు పంపు అనగానే మనలో చాలామందికి రోడ్డు ప్రక్కన పెట్రోలు పోసే బంకు జ్ఞాపకం వస్తుంది. నేను చెప్పబోయేది ఆ పంపును గురించి కాదు. కారు లోపలనే ఉండి, టాంకులోని పెట్రోలును ఇంజనుకు అందించే చిన్న పంపును గురించి. కారు నడుస్తున్నంతకాలం దాని ఉనికి యజమానికి తెలియదు. కారు నడిరోడ్డున ఆగిపోయిననాడు మాత్రం మొట్టమొదటి నింద దాని మీదనే పడుతుంది. ఆ నింద ఎంతవరకు న్యాయమైనదో తెలుసుకొనే పద్ధతి ఒకటి ఉన్నది. అది శ్రోతలకు తేటపరచడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

అసలు ఈ పంపు ఎందుకు? పాతకాలపు స్కూటరుకు, మోటారు సైకిలుకు ఇది లేదు. వాటిలో టాంకు పైన, ఇంజను క్రింద. కొళాయి తిప్పితే పెట్రోలు తన బరువుతో తానే దిగివస్తుంది. కారులో అట్లా కాదు. టాంకు వెనుక భాగాన, పల్లంలో ఉంటుంది. ఇంజను ముందు భాగాన, దానికంటె ఎత్తున ఉంటుంది. పల్లంలోని నీటిని మెరకకు ఎక్కించడానికి రైతుకు ఏతం ఎట్లా అవసరమో, కారుకు పంపు అట్లా అవసరం.

పాత అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినులు, 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 తొలి నమూనాలు, ఇవన్నీ కార్బురేటర్ కార్లు. వీటి పంపు ఇంజను ప్రక్కన బిగించి ఉంటుంది. దాని నిర్మాణం సులభమైనది. రెండు లోహపు చిప్పల మధ్య వంగే గుణం గల ఒక పలుచని పొర బిగించి ఉంటుంది. దీనినే మెకానిక్కులు డయాఫ్రం అంటారు. ఇంజనులోని కామ్ షాఫ్టు తిరిగినప్పుడల్లా ఒక మీట కదలి ఈ పొరను క్రిందికి లాగుతుంది. పైన ఏర్పడిన ఖాళీలోనికి ఒక వాల్వు గుండా పెట్రోలు వచ్చి చేరుతుంది. మీట వదలగానే, పొర క్రింద ఉన్న స్ప్రింగు దానిని పైకి నెట్టుతుంది. అప్పుడు మొదటి వాల్వు మూసుకొని రెండవది తెరచుకొంటుంది. పెట్రోలు కార్బురేటరుకు పోతుంది. ఇంజను రెండు చుట్లు తిరిగితే పంపు ఒకసారి కొడుతుంది. కార్బురేటర్ నిండినప్పుడు పెట్రోలుకు దారి మూసుకొంటుంది, పొర క్రిందనే నిలుస్తుంది, మీట ఉత్తినే ఆడుతుంది. ఇంజను అడిగినంతే ఇవ్వడం, అడగనప్పుడు ఆగడం ఈ పంపు స్వభావం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కారు ఆగిపోతే పంపు పోయిందని అనుకోవడం తేలిక. దానిని మార్చివేయడం ఇంకా తేలిక. కాని టాంకు నుండి ఇంజను వరకు ఉన్న దారిలో పంపు ఒక మజిలీ మాత్రమే. దానికి ముందు టాంకు మూత, గొట్టాలు, వడపోత ఉన్నవి. దాని తరువాత కార్బురేటర్ ఉన్నది. వీటిలో ఏది చెడినా ఇంజనుకు పెట్రోలు అందదు. కారును అద్దెకు తిప్పుకొని బ్రతికే డ్రైవరు, చెడని పంపును మార్చుకొంటే అతని రెండు మూడు రోజుల సంపాదన పోతుంది. కొత్త పంపు బిగించిన తరువాత కూడ కారు అదే చోట ఆగుతుంది. అందువలన, పెట్రోలు ఎంతవరకు వచ్చి ఎక్కడ ఆగిపోయినదో మెట్టు మెట్టుగా వెదకవలెను. విడిభాగం మార్చడం ఆ తరువాతి మాట.

వెదకబోయే ముందు ఒక హెచ్చరిక. సున్నకు దిగువన నలభై డిగ్రీల చలిలో సైతం అంటుకొనగల ఆవిరి పెట్రోలు నుండి వస్తుంది. ఆ ఆవిరి గాలికంటె బరువైనది. అది నేలకు దిగి కారు క్రింద, గుంతలలో పేరుకొంటుంది. కనుక ఇంజను చల్లారనివ్వండి. దగ్గర ఎవరూ చుట్ట గాని సిగరెట్టు గాని ముట్టించకుండ చూడండి. అగ్గిపుల్ల వెలుగులో పెట్రోలు కోసం వెదకడం ప్రాణాంతకం. చేతిలో ఆర్పే సాధనమో, కనీసం ఒక తట్ట ఇసుకో ఉండవలెను. నీరు పనికిరాదు. పెట్రోలు నీటి మీద తేలి మంటను నలుదిక్కులకు తీసుకొనిపోతుంది.

మొదటి మెట్టు టాంకు. ముల్లు చూపించే లెక్కను నమ్మకండి. ఆ ముల్లు ఒకేచోట బిగుసుకొనిపోవడం పాత కార్లలో సాధారణం. శుభ్రమైన బద్ద ఒకటి ముంచి చూడండి. తరువాత టాంకు మూత సంగతి. పెట్రోలు ఖర్చవుతున్నకొద్దీ ఆ ఖాళీలోనికి గాలి రావలెను. గాలి వచ్చే సన్నని రంధ్రం దుమ్ముతో పూడిపోతే, టాంకులో శూన్యం ఏర్పడి పంపు ఎంత లాగినా పెట్రోలు రాదు. కొంత దూరం బాగా నడచి ఆగిపోవడం, కాసేపు ఉంచితే మళ్ళీ నడవడం దీని లక్షణం. మూత విప్పగానే బుస్సుమని గాలి లోనికి పీల్చుకొన్న చప్పుడు వినిపిస్తే, రోగం అక్కడనే ఉన్నది. ఆ రంధ్రం శుభ్రం చేస్తే చాలును.

రెండవ మెట్టు పంపుకు పరీక్ష. ముందుగా కాయిలుకు పోయే సన్నని తీగను ఊడదీసి, నిప్పురవ్వ పుట్టకుండ చేయవలెను. తరువాత కార్బురేటరు దగ్గర గొట్టం విప్పి, దాని కొనను ఒక సీసాలో ఉంచి, మరొకరిని స్టార్టరు తిప్పమనండి. పెట్రోలు ఆగి ఆగి, బలంగా చిమ్ముతున్నదా? అయితే పంపు నిర్దోషి. లోపం కార్బురేటరులో గాని, విద్యుత్తు వైపున గాని ఉన్నది. పెట్రోలుతో పాటు బుడగలు వస్తున్నవా? అయితే టాంకుకు, పంపుకు మధ్య ఎక్కడో గాలి చొరబడుతున్నది. పగిలిన రబ్బరు గొట్టమో, వదులైన బిగింపో, పంపు మూత క్రింద ఎండిపోయిన పాకింగో కారణం. గాలి చొరబడే చోట పెట్రోలు కారకపోవచ్చును. అందువలననే ఇది కంటికి కనిపించదు.

పెట్రోలు అసలే రాకపోతే మూడవ మెట్టు. టాంకు వైపు నుండి పంపులోనికి వచ్చే గొట్టాన్ని విప్పి, ఆ రంధ్రం మీద వ్రేలు ఆనించి స్టార్టరు తిప్పించండి. వ్రేలిని పీల్చుకొంటే పంపు లాగుతున్నదన్నమాట. అడ్డు టాంకు వైపున, గొట్టంలో గాని వడపోతలో గాని ఉన్నది. పీల్పు లేకపోతే అప్పుడు, అప్పుడు మాత్రమే, పంపు దోషి అని తీర్పు చెప్పవచ్చును.

మన ఎండలలో ఇంకొక చిక్కు ఉన్నది. పెట్రోలులోని తేలిక భాగాలు నలభై డిగ్రీల ప్రాంతంలోనే ఆవిరి కావడం మొదలుపెడతవి. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం, ఘాటు ఎక్కి వచ్చి ఆగిన కారు ఇంజను ప్రక్కన పంపు ఎంత కాగి ఉంటుందో ఊహించండి. లోపల పెట్రోలు ఆవిరియై నిలుస్తుంది. పొర కదలినా ఆ ఆవిరి నలుగుతుందే గాని ముందుకు పోదు. దీనికి పాత డ్రైవర్లు చేసే చికిత్స సరియైనదే. కారును నీడకు చేర్చి, బానెట్టు ఎత్తి, తడిగుడ్డ పిండి పంపు మీద, గొట్టం మీద కప్పడం. పదిహేను ఇరవై నిమిషాలలో కారు కదలితే పంపు చెడలేదని గ్రహించవలెను.

ఇక పంపే చెడినదని తేలినప్పుడు దానిలో వెదకవలసినవి నాలుగు. చినిగిన పొర, చెత్త ఇరుక్కొన్న వాల్వులు, చేవ తగ్గిన స్ప్రింగు, అరిగిన మీట. వీటిలో పొర చినగడం అన్నిటికంటె ప్రమాదకరం. చినిగిన పొర గుండా పెట్రోలు ఇంజను ఆయిలులోనికి దిగవచ్చును. ఆయిలు పుల్ల తీసి చూస్తే మట్టం పెరిగి ఉంటుంది, పెట్రోలు వాసన కొడుతుంది. ఆయిలు పెరిగిందని సంతోషించకూడదు. పలుచబడిన ఆయిలు బేరింగులను కాపాడలేదు. అటువంటి ఇంజనును ఒక్క నిమిషం కూడ నడపకుండ, పంపు బాగుచేసి, ఆయిలు పూర్తిగా మార్చవలెను.

బాగుచేసే పద్ధతి ఇది. ముందు బ్యాటరీ తీగ ఊడదీయండి. పంపును ఇంజనుకు బిగించిన నట్లు విప్పండి. మధ్యనున్న మందపాటి దిమ్మను, పాకింగులను జాగ్రత్తపరచండి. ఇంజను వేడి పంపుకు తగలకుండ కాపాడేది ఆ దిమ్మ. మీట ఎంతమేరకు కదలవలెనో నిర్ణయించేది దాని మందం. అది లేకుండ బిగిస్తే పొర త్వరలోనే చినుగుతుంది. రెండు చిప్పలను విడదీసే ముందు వాటి అంచుల మీద ఒక గీత గీయండి. తిరిగి కలిపేటప్పుడు ఆ గీతలు కలియవలెను. కొత్త పొర అమర్చిన తరువాత మరలను వెంటనే బిగించివేయకూడదు. మీటను పూర్తిగా నొక్కి, పొరను దాని చివరి హద్దు వరకు వంచి పట్టుకొని, ఎదురెదురు మరలను కొద్ది కొద్దిగా బిగించుకొని రావలెను. ఈ జాగ్రత్త తీసుకోని పొర మొదటి రోజు నుండే బిగువుగా లాగబడి, కొద్ది నెలలలోనే చినుగుతుంది. చివరగా పంపును ఇంజనుకు చేర్చేటప్పుడు, మీట కామ్ మీద సరిగా ఆనినదో లేదో చూచుకొని బిగించి, ఇంజను నడిపి, ఎక్కడా చెమ్మ లేదని నిశ్చయించుకోవలెను.

పాత కార్లున్నవారు గమనించవలసిన కొత్త సంగతి ఒకటి. నూటికి 20 పాళ్ళు ఇథనాల్ కలిపిన పెట్రోలు మన దేశంలో 2023 ఫిబ్రవరిలో ప్రారంభమై, 2025 నాటికి దేశమంతటా వ్యాపించినది. పూర్వపు రబ్బరు పొరలు, గొట్టాలు ఇథనాలును తట్టుకొనేటట్లు తయారైనవి కావు. అవి ఉబ్బి, మెత్తబడి, పగుళ్ళు వేస్తవి. ఇథనాల్ తేమను కూడ పీల్చుకొంటుంది. నెలల తరబడి కదలని కారు టాంకులో నీరు అడుగున చేరే అవకాశం ఉన్నది. కనుక కొత్త పొర, కొత్త గొట్టం కొనేటప్పుడు ఇథనాలును తట్టుకొనే రకాన్నే అడిగి తీసుకోవలెను.

ఇప్పటి కార్ల మాట వేరు. వాటిలో కార్బురేటర్ లేదు. పెట్రోలును ఇంజనులోనికి చిమ్మే పద్ధతి వచ్చినది. పంపు విద్యుత్తుతో నడుస్తూ టాంకులోనే మునిగి ఉంటుంది. పాత పంపు చదరపు అంగుళానికి రెండు నుండి అయిదు పౌన్ల ఒత్తిడి ఇస్తే, ఇది సుమారు నలభై పౌన్లు, అంతకు పైన ఇస్తుంది. తాళం చెవి తిప్పగానే, ఇంజను కదలక ముందే, వెనుక సీటు వైపు నుండి ఒకటి రెండు క్షణాలు సన్నని రొద వినిపించవలెను. వినిపించకపోతే ముందు ఫ్యూజు చూడండి, తరువాత రిలే చూడండి, తరువాత పంపు దగ్గరకు విద్యుత్తు వస్తున్నదో లేదో చూడండి. ఒక తుప్పు పట్టిన కనెక్షను చాలును, మంచి పంపును మూగదానిని చేయడానికి. రొద వినిపిస్తూ, ఘాటు ఎక్కేటప్పుడు బలం చాలకపోతే, వడపోత పూడుకొన్నదో పంపు అలసినదో ఒత్తిడి కొలిచే గేజి చెబుతుంది. ఈ పంపును చల్లగా ఉంచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ఎప్పుడూ టాంకు అడుగంటేవరకు నడిపేవారు దాని ఆయుస్సును తామే తగ్గించుకొంటున్నారు. ఇంజను ఆపిన తరువాత కూడ ఈ గొట్టాలలో ఒత్తిడి నిలిచి ఉంటుంది. కనుక వీటిని రోడ్డు మీద విప్పరాదు. ఆ పని షెడ్డులో, తెలిసినవారి చేత జరగవలెను.

చివరగా రెండు అలవాట్లను గురించి. గొట్టాన్ని నోటితో పీల్చి పెట్రోలు లాగడం ఒకటి. ఒక్క గుక్క పొరపాటున ఊపిరితిత్తులలోనికి పోతే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. పంపు పోయిందని డబ్బాలో పెట్రోలు పోసి, పైన కట్టి, గొట్టంతో కార్బురేటరుకు దించి కారు నడపడం రెండవది. అడ్డదారిలో ఊరు చేరినవారు ఆ ఉపాయాన్ని మెచ్చుకొంటారు. ఒక కుదుపుకు గొట్టం ఊడి, పెట్రోలు కాగిన ఇంజను మీద పడితే మాత్రం కారులోని వారికి తలుపు తీసే వ్యవధి కూడ ఉండదు. దానికంటె కారును త్రాడు కట్టి లాగించుకొని పోవడం మేలు.

మూత, వడపోత, గొట్టం, పంపు, ఆ తరువాత కార్బురేటర్. ఈ వరుస జ్ఞాపకం ఉంచుకొన్నవారికి సీసా, గుడ్డ, రెండు స్పానర్లు చాలును. అనుమానంతో కాక పరీక్షతో పని మొదలుపెట్టిన మెకానిక్కు యజమాని డబ్బును కాపాడుతాడు. తొందరపడని డ్రైవరు తన ప్రాణాన్ని, తన వెంట వచ్చినవారి ప్రాణాన్ని కాపాడుతాడు.