ప్రకటన ఇచ్చే ముందు జాడీలు లెక్కపెట్టుకోండి

చిన్న వ్యాపారాల గురించి మనం చెప్పుకుంటున్న మాటల్లో ఇవాళ మార్కెటింగ్ వంతు. మార్కెటింగ్ అనగానే నన్ను చాలామంది అడిగేది ఒక్కటే: "కొత్త కస్టమర్లు ఎలా వస్తారండీ?" ఉన్నవాళ్లు ఎలా ఉంటారు అని అడిగేవాళ్లు తక్కువ. నేను ఈ రోజు ఆ రెండో ప్రశ్న దగ్గరే ఉంటాను. ఎందుకంటే కొత్తవాళ్లను పిలిచే తొందరలో పాతవాళ్లను పోగొట్టుకున్న వ్యాపారాలను నేను చాలా చూశాను.

ఉదాహరణకు ఇంట్లో పచ్చళ్లు పట్టి అమ్మే ఒక ఆవిడ ఉన్నారనుకుందాం. ఆవకాయ వ్యాపారం ఎందుకు తీసుకున్నానంటే, దాంట్లో తప్పించుకోవడానికి వీల్లేని ఒక గట్టి నిజం ఉంది. బట్టల కొట్లో చీరలు అయిపోతే ఇంకో వారంలో తెప్పించొచ్చు. ఆవకాయ అలా కాదు. పుల్లటి కాయ, టెంక గట్టిపడ్డ కాయ దొరికేది ఎండాకాలంలో కొద్ది వారాలే. ఆ కాయ, ఆ కొత్త కారం, ఆవపిండి, నువ్వుల నూనె అన్నీ కుదిరి, మూడో రోజు తిరగ కలిపి జాడీకి ఎత్తితే, ఇక ఆ ఏడాదికి సరుకు అంతే. వానలు పడ్డాక ఎంత డబ్బు పెట్టినా అలాంటి కాయ రాదు.

ఆవిడ 400 కిలోలు పట్టారు. ఏటా కొనేవాళ్లు ఓ 150 మంది. తలా రెండు కిలోలు అనుకుంటే 300 కిలోలు వాళ్లకే పోతుంది. మిగిలింది వంద. అంటే ఆవిడ మార్కెటింగ్ చేసుకోవాల్సింది వంద కిలోలకే. ఈ లెక్క ఒక కాగితం మీద రాసుకోవడానికి ఐదు నిమిషాలు పట్టదు. కానీ రాసుకోరు. ఎవరో వంటల వీడియోలు చేసే అమ్మాయికి డబ్బిచ్చి, ఒక వీడియో చేయించుకుంటారు. వీడియో బాగా ఆడుతుంది. వారం రోజుల్లో 500 ఆర్డర్లు. ఇంట్లో అందరూ సంబరం.

ఇక్కడి నుంచే అసలు కథ. వచ్చిన డబ్బు తిరిగి పంపాలంటే మనసొప్పదు. అప్పుడు ఎవరో సలహా ఇస్తారు, ఫలానా చోట పెద్ద ఎత్తున పచ్చడి దొరుకుతుంది, తెచ్చి మన సీసాల్లో పోసి పంపేయండి అని. పంపుతారు. కొత్తవాళ్లకు తేడా తెలియదు, వాళ్లు మన రుచి ఎప్పుడూ తినలేదు కదా. తెలిసేది ఎవరికి? పదేళ్లుగా తింటున్నవాళ్లకి. మొదటి ముద్దకే తెలుస్తుంది. "ఈ ఏడు ఏదో తేడాగా ఉందేంటి" అని ఇంట్లో అనుకుంటారు. మీకు ఫోన్ చేసి చెప్తారా? చెప్పరండీ. తిట్టే కస్టమర్ ఇంకా మనవాడే. మొహమాటపడి ఊరుకున్నవాడు మాత్రం వచ్చే ఏడు వేరే చోట కొంటాడు. మనకి తెలిసేది ఏప్రిల్‌లో, ఫోన్ మోగనప్పుడు.

కాబట్టి నా పద్ధతి తిరగేసి ఉంటుంది. ఫిబ్రవరిలోనే పాతవాళ్లకు ఒక మెసేజ్. "నమస్కారమండీ, ఈ వేసవికి ఆవకాయ పడుతున్నాం. పోయిన ఏడు మీరు రెండు కిలోలు తీసుకున్నారు. ఈ ఏడు ఎంత పెట్టమంటారు? ఈ నెలాఖరులోగా చెప్తే మీ పేరు మీద పక్కన పెడతాను." అంతే. ఇందులో ఆఫర్ లేదు, బొమ్మ లేదు. కానీ మీరు ఆయన్ని గుర్తుపెట్టుకున్నారని ఆ "రెండు కిలోలు" చెప్తుంది. జవాబులు వచ్చాక కాయ ఎంత కొనాలో తేల్చుకోండి. మిగిలినదానికే ప్రకటన ఇవ్వండి, ఆ సరుకు అయిపోగానే ప్రకటన ఆపేయండి. "అయిపోయిందండీ" అని చెప్పడం నామోషీ కాదు.

తగ్గింపు ధరల గురించి కొంచెం చెప్పాలి. కిలో 500కి అమ్ముతున్నారు, ఖర్చు 400 అవుతోంది అనుకోండి. లాభం వంద. 15 శాతం తగ్గింపు ఇస్తే 75 పోయి పాతికే మిగులుతుంది. ఇదివరకటి లాభం రావాలంటే నాలుగింతలు అమ్మాలి! సరే, డబ్బు సంగతి వదిలేయండి. పోయిన వారం 500 పెట్టి కొన్న పాతావిడ ఈ వారం 425 అన్న మెసేజ్ చూస్తే ఏమనుకుంటారు? ఆషాఢం తగ్గింపులకు ఎవరూ నొచ్చుకోరు, గమనించారా? జ్యేష్ఠంలో పెళ్లికి పూర్తి ధర పెట్టి చీరలు కొన్నవాళ్లు కూడా ఏమీ అనరు. ఆషాఢంలో మన వైపు పెళ్లిళ్లు ఉండవు, కొట్లు ధర తగ్గిస్తాయి అని అందరికీ ముందే తెలుసు. ఆగేవాళ్లు ఆగుతారు, అవసరమున్నవాళ్లు కొంటారు. చెప్పాపెట్టకుండా తగ్గించినప్పుడే ముందు కొన్నవాళ్లకి మోసపోయినట్టు అనిపిస్తుంది. మీరు కూడా తగ్గించాలనుకుంటే తేదీ ముందే చెప్పండి, పాతవాళ్లకు ఒక రోజు ముందుగా చెప్పండి.

ఇక వాట్సాప్. కొరియర్ కోసం ఇచ్చిన నంబర్లన్నీ ఒక గ్రూపులో పడేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఒకరి నంబరు ఇంకొకరికి కనిపిస్తుంది, ఆడవాళ్ల నంబర్లు కూడా. ఆ గ్రూపులో మీ పోటీ వ్యాపారి ఒక్కడుంటే చాలు, మీ కస్టమర్ల జాబితా మొత్తం చేతిలో పెట్టినట్టే. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వాడండి. ఒక్కో లిస్టులో 256 మంది దాకా పడతారు, మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. ఈ షరతును చాలామంది ఇబ్బంది అంటారు. నాకైతే మంచి జల్లెడలా అనిపిస్తుంది. మీ పేరు కూడా ఫోన్‌లో పెట్టుకోని మనిషికి మీరు రోజూ గుడ్ మార్నింగ్ పువ్వులు పంపడం ఎందుకు చెప్పండి? విసిగి నలుగురు రిపోర్ట్ కొడితే మీ నంబరే ఆగిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు ఆర్డర్లు కూడా రావు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మూలం కూడా ఇదే: మనిషి తన వివరాలు ఏ పనికి ఇచ్చాడో ఆ పనికే వాడాలి. చట్టం కోసం కాకపోయినా, సీసా ప్యాక్ చేసేటప్పుడు ఒక మాట అడగండి, "కొత్త పచ్చడి పట్టినప్పుడు చెప్పమంటారా?" అని. అవునన్నవాళ్ల పేరు పక్కన టిక్కు పెట్టుకోండి. వద్దన్నవాళ్లను వదిలేయండి, వాళ్లు కూడా కొంటారు.

సరే, ఈ రాత్రి ఒక పని చేయండి. పోయిన ఏడాది ఆర్డర్ల పుస్తకం తీసి, రెండేళ్లు వరుసగా కొని మూడో ఏడు రానివాళ్ల పేర్లు రాయండి. పది పేర్లు చాలు. రేపు వాళ్లకు ఫోన్ చేయండి, ఏమీ అమ్మడానికి కాదు, పోయినసారి పచ్చడి ఎలా ఉందో అడగడానికి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కొరియర్‌లో పగిలిన సీసాల గురించి, డబ్బు తిరిగి ఇవ్వడం గురించి మాట్లాడుకుందాం. ఉంటానండీ.