సంతలో కొన్న కోడి: ముప్పది దినముల ఎడము
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సీమ విశాఖపట్టణము జిల్లానుండి విడివడి 1936లో ఒరిస్సాలో చేరినది. 1992లో కోరాపుట్ జిల్లానుండి రాయగడ వేరైనది. ఎల్లలు మారినను మన పెరటిలోని కోళ్ళగంప మారలేదు. గ్రుడ్లమ్మిన డబ్బు ఇల్లాలి సొంతము. బిడ్డల పుస్తకములకు, పండుగ ఖర్చులకు అదియే ఆధారము. అట్టి మంద, సంతనుండి తెచ్చిన ఒక్క పెట్టవలన కొలది దినములలో తుడిచిపెట్టుకొని పోగలదు. కావుననే నేడీ విషయమును ముచ్చటించుచున్నాము.

కుందులి సంతకైనను, చాటికోన సంతకైనను పలు గ్రామముల కోళ్ళు వచ్చును. కొక్కెర తెగులు సోకిన కోడి కొన్నాళ్ళు ఆరోగ్యముగానే కనబడును. పిదప ముక్కుచు, ఆకుపచ్చగా పారుచు, మెడ వంకరపోయి పడిపోవును. మన దేశమున 1927లో రాణీఖేత్‌లో గుర్తింపబడుటచే దీనికి ఆ ఊరిపేరే నిలిచినది. సోకిన పిదప దీనికి మందు లేదు. ముందుగా టీకా ఒక్కటే రక్ష. క్రొత్త కోళ్ళను తెచ్చుటకు రెండు మూడు వారములు ముందే మన మందకు పశువైద్యశాలలో టీకా వేయింపవలెను.

కొనునప్పుడు కన్ను, ముక్కు, రెట్ట చూడుడు. రెక్కలక్రింద పేలున్నవేమో వెదకుడు. చౌకయని నీరసించిన కోడిని తేవలదు. ఒంటికోడికంటె జంటను తెచ్చుట మేలు.

ఇంటికి తెచ్చినవానిని ముప్పది దినములు పెరటికి దూరముగా, వేరు గంపలో, వేరు నీటిచిప్పతో ఉంచవలెను. మేత పాతవానికి ముందు, క్రొత్తవానికి తరువాత వేసి చేతులు, కాళ్ళు కడుగుకొనవలెను. ఈ గడువులో ఏది చచ్చినను లోతుగా సున్నముతో పూడ్చుడు. సంతకు పంపి పరులకు కీడు చేయవలదు.

గడువు తీరినను నేరుగా విడువరాదు. కోళ్ళలో హెచ్చుతగ్గుల వరుస కలదు. ఏది దేనిని పొడువవచ్చునో వాని కెరుకే. నార్వే దేశీయుడు షెల్డెరుప్ ఎబ్బె ఈ వరుసను శ్రద్ధగా పరిశీలించి 1920వ దశకపు ఆరంభమున లోకమునకు తెలిపెను. క్రొత్తకోడి రాగానే ఆ వరుస చెదరి పోరు రేగును. కావున వారము దినములు నడుమ వెదురుదడి కట్టి, ఒండొంటిని చూచుకొననిండు. పిమ్మట రాత్రివేళ గూటిలో చేర్చుడు. మరునాడు చోళ్ళు, నూకలు రెండు మూడు తావుల చల్లిన బలహీనమైనదియు తినగలుగును. చిన్న పోట్లాటకు తొందరపడవలదు. నెత్తురు కనబడిన మాత్రము వెంటనే విడదీయుడు, ఏలయన ఎరుపు చూచి తక్కినవియు పొడుచును.

ఒక మాట. టీకా ప్రకటనలు ఒడియాలో వచ్చును. ఒడియా బడిలో చదివిన మన పిల్లలు వానిని తెలుగున అమ్మమ్మలకు, నాయనమ్మలకు చదివి వినిపింపవలెను. ముప్పది దినముల ఓపిక యేడాది రాబడిని కాపాడును.